కెపాసిటర్లు మార్చినా మానిటర్ వెంటనే వెలగడం లేదు

22 అంగుళాల పాత మానిటర్. స్విచ్ నొక్కగానే పచ్చ దీపం సెకనుకోసారి మిణుకుమంటుంది, లోపల టిక్ టిక్‌మని సన్నటి శబ్దం, తెర మాత్రం నలుపే. పది నిమిషాలు అలాగే వదిలేస్తే తనంతట తానే వెలుగుతుంది. ఆ తరువాత రోజంతా ఏ ఇబ్బందీ ఉండదు.

మూత తీస్తే పవర్ బోర్డు మీద 5 వోల్టుల లైనులో విద్యుత్తును నిల్వ చేసే రెండు కెపాసిటర్ల (1000 మైక్రోఫారడ్, 10 వోల్టులు) తలలు ఉబ్బి కనిపించాయి. ఒకదాని చుట్టూ గోధుమరంగు మరక. అదే విలువగల 16 వోల్టుల, 105 డిగ్రీల వేడిని తట్టుకునే రకం కొత్తవి ప్లస్, మైనస్ సరిచూసుకుని సోల్డరింగ్ చేశాను. అయినా మార్పు లేదు. ఫ్యూజు బాగానే ఉంది.

ఒక్క ఆధారం మాత్రం దొరికింది. ప్లగ్గు తీసి, పెద్ద కెపాసిటర్‌లో విద్యుత్తు మిగల్లేదని మీటరుతో నిర్ధారించుకుని, కంట్రోల్ ఐసీ (పవర్ బోర్డును నడిపించే చిప్) పక్కన జుట్టు ఆరబెట్టే యంత్రంతో ఒక నిమిషం వేడిగాలి పట్టాను. తిరిగి ప్లగ్గు పెడితే వెంటనే వెలిగింది! అక్కడే 47 మైక్రోఫారడ్, 50 వోల్టుల చిన్న కెపాసిటర్ ఉంది. అది ఉబ్బలేదు, మీటరులో 41 చూపిస్తోంది. అందుకే మార్చలేదు. నా మీటరుతో ఈఎస్ఆర్ (కెపాసిటర్ అంతర్గత నిరోధం) కొలవడం కుదరదు.

విలువ దాదాపు సరిగానే చూపినా, అంతర్గత నిరోధం పెరిగి ఈ చిన్న కెపాసిటరే ఐసీని మొదలవనివ్వడం లేదా, లేక లోపం ఐసీలోనే ఉందా?