పాత ఆల్కోను నడిపించాలా, నిలబెట్టాలా?

చర్చ ప్రారంభించినవారు: కావలి సభ్యుడు

మన నెల్లూరు జిల్లాలోని ఒక పరిశ్రమ సైడింగులో కొన్నేళ్లుగా కదలకుండా ఉన్న డబ్ల్యూడీఎం-2 రకం డీజిల్ రైలు ఇంజిన్‌ను తుక్కుకు వేయకుండా మాకు అప్పగించడానికి యాజమాన్యం నోటిమాటగా ఒప్పుకుంది. రైళ్ల మీద మక్కువ ఉన్న మేము పదిపన్నెండు మందిమి దాన్ని బిట్రగుంటకు చేర్చాలనుకుంటున్నాము. చేర్చిన తరువాత ఏం చేయాలన్న దగ్గరే మాలో మాకు పొత్తు కుదరడం లేదు. కొందరు ఇంజిన్‌ను తిరిగి లేపి, నాలుగు వందల అడుగుల పట్టా మీదైనా నడపాలంటున్నారు. మిగిలినవారు రంగు వేసి, పైన రేకుల కప్పు వేసి, పిల్లలకు చూపిస్తే చాలంటున్నారు.

నేను మొదటి పక్షం. అమెరికాలోని ఆల్కో కంపెనీ నుంచి 1962లో మన దేశానికి వచ్చి, 1964 నుంచి వారణాసిలోనే తయారై, 2,500కు పైగా సంఖ్యలో దేశమంతా తిరిగిన ఇంజిన్ ఇది. నిలిచి ఉన్నప్పుడు కూడా ప్లాట్‌ఫారం మీద మన అరికాళ్లకు తెలిసే ఆ గుడగుడ లేకుండా దాన్ని చూపిస్తే, ఏం చూపించినట్టు? మీ అభిప్రాయాలు కోరుతున్నాను.

ఒంగోలు సభ్యుడు, విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు

మీ ఉత్సాహాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, కానీ నేను నిలబెట్టాలనే అంటాను. ఒక ఊళ్లో పాత ఆవిరి ఇంజిన్‌ను నడిపిస్తామని విప్పినవారిని నేను దగ్గర నుంచి చూశాను. విప్పిన భాగాలను గోనె సంచుల్లో కట్టి ఒక గదిలో పడేశారు, ఏడాది తిరిగేసరికి చందా డబ్బు అయిపోయింది, పనిచేసిన ఇద్దరూ వేరే ఊళ్లకు వెళ్లిపోయారు, ఆ తరువాత ఏ బోల్టు ఎక్కడిదో చెప్పగలవారు మిగలలేదు. విప్పకుండా వదిలేసి ఉంటే అది ఈ రోజుకీ ఇంజిన్‌గా ఉండేది.

పైగా నడిపించాలంటే అరిగిన భాగాలు తీసి కొత్తవి వేయాలి. అలా మార్చుకుంటూ పోతే చివరికి పాతది ఎంత మిగులుతుంది? పాత ఇంజిన్లలో వేడి గొట్టాలకు చుట్టిన పొరల్లో ఊపిరితిత్తులకు చేటు చేసే ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం కూడా ఉంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని గీకివేసే పని కాదది.

బిట్రగుంట సభ్యుడు, గుత్తి డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైనవాడిని

మాస్టారికి నమస్కారం. గోనె సంచుల గురించి మీరు రాసినది అక్షరాలా నిజం, నాకూ భయం అక్కడే. అయితే 'పాతది ఎంత మిగులుతుంది' అన్న ప్రశ్నకు షెడ్డులో పనిచేసినవాడిగా జవాబు చెప్పాలి.

షెడ్డుకు వచ్చిన ఇంజిన్ ఏదీ పుట్టినప్పటి భాగాలతో ఉండదు. ఒక ఇంజిన్ బోగీ, అంటే చక్రాల చట్రం, మరొకదాని కిందకు వెళ్తుంది, చక్రాలను తిప్పే ట్రాక్షన్ మోటర్లు విప్పి, బాగు చేసి, అప్పటికి ఏది ఖాళీగా ఉంటే దానికి బిగిస్తాము, పిస్టన్లు, లైనర్లు, సిలిండర్ హెడ్లు ఎన్నిసార్లు మారతాయో లెక్క ఉండదు. అలా మారుతూ పనిచేయడమే దాని బతుకు. మీరు కాపాడదలచుకున్న ఆ 'అసలు' ఇంజిన్, అది సర్వీసులో ఉన్న రోజుల్లోనే లేదు. కాపాడవలసినది ఆ మార్చే పని తెలిసిన చేతులను, ఆ చేతులు ఇప్పుడు అరవై దాటి ఉన్నాయి.

ఇక కావలి బాబుకు ఒక మాట. ముందు బ్యాటరీలు తెచ్చి స్టార్టు చేద్దామని మీవాళ్లు అనుకుంటూ ఉంటే దయచేసి ఆగండి. ఈ ఇంజిన్‌కు వేరే స్టార్టరు ఉండదు, బ్యాటరీల కరెంటుతో ప్రధాన జనరేటరే మోటరులా తిరిగి క్రాంక్ షాఫ్టును తిప్పుతుంది. ఏళ్ల తరబడి పొగగొట్టంలోంచి పడిన వాన నీరు సిలిండర్లోకి చేరి ఉంటే, పిస్టన్ పైకి వచ్చినప్పుడు ఆ నీరు అణగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. అందుకని 16 సిలిండర్లకూ టెస్ట్ కాకులు, అంటే లోపలి గాలి, నీరు బయటకు వదిలే చిన్న కుళాయిలు, తెరిచి, బారింగ్ కడ్డీతో చేత్తో క్రాంకును రెండు పూర్తి చుట్లు తిప్పాలి. నేను ఒకసారి ఆరు నెలలు నిలిచిన ఇంజిన్‌ను అలా తిప్పితే, ఒక కాకులోంచి ముందు గాలి బుసకొట్టి, వెంటనే టీ డికాషన్ రంగు నీరు నా చొక్కా మీద చిమ్మింది. ఆ రోజు స్విచ్ నొక్కి ఉంటే బ్లాకే పోయేది.

రెండోది కరెంటు పని. మన కోస్తా గాలిలో ఉప్పు ఉంటుంది కనుక జనరేటరు, ఆరు ట్రాక్షన్ మోటర్ల తీగ చుట్టలు తేమ పీల్చి ఉంటాయి. ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెట్టి చూసి, అది తక్కువ చూపితే, వేడి గాలితో ఆరబెట్టి, వార్నిష్ పట్టించనిదే వాటికి కరెంటు ఇవ్వకూడదు. మోటర్లు విప్పకుండా వదిలేసి, ఇంజిన్‌ను ఉన్నచోటే నెలకొకసారి నడిపితే ఖర్చు బాగా తగ్గుతుంది, శబ్దం మాత్రం పూర్తిగా వస్తుంది. నా ఓటు దానికే.

మార్కాపురం సభ్యుడు

నడిపినా, నిలిపినా బిట్రగుంటే ఎందుకని అడుగుతున్నాను. బిట్రగుంట పేరు ఆవిరి ఇంజిన్ల షెడ్డుతో వచ్చింది. విజయవాడ-మద్రాసు దారికి 1980 నాటికే విద్యుత్ తీగలు వచ్చేశాయి. దొనకొండ, మార్కాపురం, గిద్దలూరు వైపు చూడండి, 1990లలో మీటర్ గేజ్ పోయి బ్రాడ్ గేజ్ పడ్డాక, ఈ మధ్య కరెంటు వచ్చేదాకా మా బండ్లన్నీ డీజిల్ మీదే నడిచాయి. నల్లమల ఘాట్లో ఎక్కేటప్పుడు ఆల్కో వదిలే నల్లని పొగ మా తరం అంతా చూసినదే. దొనకొండలోనూ పాత లోకో షెడ్డు ఉండేది.

ఒంగోలు సభ్యుడు

మార్కాపురం వారి వాదన చరిత్రపరంగా బలమైనదని ఒప్పుకుంటాను. అయితే దాదాపు 113 టన్నుల ఇంజిన్‌ను చూసుకునే మనిషి ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరే సరైనదని నాకు తోస్తున్నది, ఆ మనిషి ప్రస్తుతానికి బిట్రగుంటలో ఉన్నారు.

ఫిట్టరు గారి జవాబుతో నా మొదటి అభ్యంతరం చాలా వరకు తీరింది. నడవని మోటర్లతో, తిరిగే ఇంజిన్‌తో ఉంచుదామన్న మాటకు రెండు షరతుల మీద ఒప్పుకుంటాను. విప్పే ప్రతి భాగం మీది నంబరును, అది ఉన్న చోటును ఫొటోతో సహా పుస్తకంలో ఎక్కించాలి. డబ్బు పూర్తిగా చేతిలో పడనిదే ఒక్క నట్టు కూడా విప్పకూడదు. పట్టా మీద నడిపే విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు.

కావలి సభ్యుడు

పట్టా మీద నడవాలన్న కోరిక నాకు ఇంకా ఉంది, దాని మీద మాస్టారితో వాదన కొనసాగిస్తాను. షరతులు రెండూ మావాళ్ల ముందు పెడతాను. ఫిట్టరు గారూ, డబ్బు కూడేలోగా ఇంజిన్ పాడవకుండా మేము చేయగలిగినది ఏమైనా ఉందా?

బిట్రగుంట సభ్యుడు

ఉంది బాబూ. యాజమాన్యం అనుమతి తీసుకుని, పొగగొట్టం నోటికి రేకు మూత చేయించి, గాలికి లేవకుండా తీగతో గట్టిగా బిగించండి. బానెట్ తలుపులు మూసి, కింద డ్రెయిన్ కాకులు తెరిచి నీళ్లు దిగనివ్వండి. అక్టోబరులో ఈశాన్య వానలు పట్టకముందే ఇది జరగాలి. ఏ ఆదివారం వెళ్తున్నారో చెబితే బారింగ్ కడ్డీ తీసుకుని నేనూ వస్తాను.