ఎండిన క్రిస్మస్ చెట్టు నీళ్లు పోస్తే లేస్తుందా?

దుబాయ్_సీను: సెలవుకి పరకాల వచ్చి చూస్తే ఇంటి ముందు అరకేరియా, అదే క్రిస్మస్ చెట్టు, సగం గోధుమ రంగుకి తిరిగింది. పన్నెండేళ్లు పెంచిన చెట్టు. నీళ్లు పోస్తే లేస్తుందా?

వరి_రైతు: వేప మోడైనా తొలకరికి చిగురిస్తుంది. ఓపిక పట్టు తమ్మీ.

హన్మకొండ_టీచర్: వేపతో పోలికేంటండీ? వేప, టేకులో నీరెక్కేది పొడుగు గొట్టాల్లో. అరకేరియా, పైన్ లాంటి కోనిఫర్లలో (పూలు పూయని, సూదుల్లాంటి ఆకుల చెట్లు) పొట్టి, సన్నటి కణాల గుండా. కరువులో వాటిలో గాలి బుడగలు చేరి దారి తెగుతుంది, సగం తెగితే ప్రమాదమే. బతికినా కొత్త కలప పెరిగితేగాని దారి పూర్తిగా బాగుపడదు. అందుకే మంచి వానలు పడ్డాక కూడా రెండు మూడేళ్లు ఎదుగుదల మందకొడిగా ఉంటుంది. ఇక అరకేరియాకి రాలిన కింది కొమ్మ మళ్లీ రాదు.

వరి_రైతు: మా మామ సర్వి తోట ఎండి మళ్లీ లేచింది. అదీ సూదులాకుల చెట్టే కదా.

హన్మకొండ_టీచర్: సర్వి కోనిఫర్ కాదు, పూలు పూసే జాతి. మీరు సూది అనేది కణుపులున్న రెమ్మ, లాగి చూడండి, ముక్కలుగా ఊడుతుంది.

వరి_రైతు: జాతి ఏదైతే ఏంది, లేచిందా లేదా?

ఓరుగల్లు_పిల్ల: మూడు రోజుల నుంచి సర్వి మీదే ఉన్నారు 😂

హన్మకొండ_టీచర్: కాలిఫోర్నియాలో 2012-16 కరువుకి పది కోట్లకు పైగా చెట్లు చచ్చాయి, ఎక్కువ కోనిఫర్లే. నీళ్లు పోకుండా ఆకు రంధ్రాలు మూసుకుంటే తిండి తయారు కాదు, బంక సరిగ్గా ఊరదు, ఆ సందున బెరడు పురుగు దూరుతుంది. 2017లో వానలు దంచి కొట్టినా చచ్చినవి లేవలేదు.

వరి_రైతు: కాలిఫోర్నియా కథలు ఎందుకు సార్, ఇక్కడ ఏప్రిల్‌లో బోరు ఎండింది, ట్యాంకర్ నీళ్లు బర్లకే సాల్లేదు.

దుబాయ్_సీను: ఆగండి. మా బోరు ఏప్రిల్‌లో ఎండిందని నేనిక్కడ రాయలేదు. అన్నా, నువ్వేనా?

వరి_రైతు: నేనే. బర్లను సంపి నీ షో చెట్టుకు పోయాల్నా?

దుబాయ్_సీను: చెట్టుకని వేరే డబ్బు పంపిన కదా!

వరి_రైతు: పంపినవ్. దాణా కొన్న.

ఓరుగల్లు_పిల్ల: అమ్మో.

హన్మకొండ_టీచర్: అది మీ ఇంటి గొడవ. గోరుతో బెరడు గీకండి. లోపల పచ్చ ఉంటే ఆ మేరకు ప్రాణం ఉన్నట్టే.

దుబాయ్_సీను: గీకాను. కింది కొమ్మలు పుల్లలే. పై మూడు వరుసలు పచ్చగానే ఉన్నాయి.

వరి_రైతు: మరి బతికింది కదా. రేపటి నుంచి రెండు బిందెలు పోస్తా.