విశాఖ వన్‌టౌన్ ఇళ్లలోని పాత వీడియో క్యాసెట్లు: బూజు, ధ్వని తేడా, దాచే పద్ధతి

కోటవీధి కెమెరా:
వన్‌టౌన్, బురుజుపేట, చెంగల్రావుపేట ఇళ్లల్లో అడిగి తెచ్చిన క్యాసెట్లు ఇవి: వీహెచ్‌ఎస్ (పాత పెద్ద క్యాసెట్లు) 40, మినీడీవీ (చిన్న డిజిటల్ క్యాసెట్లు) 12. పెళ్లి ఊరేగింపులు, మార్గశిర మాసంలో కనకమహాలక్ష్మి గుడి ముందు క్యూ, జాలారిపేట ఒడ్డున తెప్పలు, షిప్‌యార్డు కార్మికుల సభ ఒకటి. ఐదారు క్యాసెట్లలో టేపు అంచున తెల్లగా బూజు ఉంది. చవక యూఎస్‌బీ క్యాప్చర్ కార్డుతో కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే అరగంట దాటాక మాటకీ పెదవికీ పొంతన ఉండట్లేదు. ఏ ఫార్మాట్‌లో దాచాలి? ఎంత జాగా కావాలి?

హెడ్‌డ్రమ్ము:
ముందు బూజువి వేరే పెట్టెలో పెట్టండి. అది హెడ్డుకు (వీసీఆర్‌లో టేపును చదివే భాగానికి) అంటిందంటే తర్వాత వేసే ప్రతి క్యాసెట్‌కీ పాకుతుంది. వాటికోసం పాత వీసీఆర్ ఒకటి వదులుకోవాల్సిందే. మన సముద్రపు గాలికి గదిలో తేమ 70 శాతం దాటడం మామూలే. గాలి చొరని డబ్బాలో సిలికాజెల్ వేసి, తేమ మీటర్ పెట్టి, 40 దగ్గరికి దించి రెండు మూడు వారాలు ఉంచితే బూజు ఎండి పొడవుతుంది. అప్పుడు మాస్కు కట్టుకుని, ఆరుబయట, పోగులు రాలని పొడిగుడ్డ మధ్యగా టేపును నెమ్మదిగా చుట్టాలి. ఏసీ గదిలోంచి తెచ్చినది వెంటనే వేయకండి, చెమ్మ పట్టి డ్రమ్ముకు (హెడ్డు అమర్చి ఉండే తిరిగే భాగానికి) అతుక్కుంటుంది.

హెడ్డు తుడవడానికి దూదిపుల్ల వద్దు, పోగు హెడ్డు మొనకు చిక్కుకుంటుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన తెల్లకాగితాన్ని డ్రమ్ముకు ఆనించి, కదలకుండా పట్టుకుని, డ్రమ్మునే వేలితో తిప్పాలి. పైకీ కిందకీ రుద్దారో, హెడ్డు విరుగుతుంది.

ధ్వని సంగతి: పాత టేపు సిగ్నల్ తడబడుతుంటే కార్డు ఫ్రేములు జారవిడుస్తుంది, ధ్వని మాత్రం ఆగదు. వీసీఆర్‌కీ కార్డుకీ మధ్యలో టైమ్ బేస్ కరెక్టర్ (తడబడే సిగ్నల్‌ను సరిచేసే పరికరం) ఉండాలి. దొరక్కపోతే కొన్ని పాత పానసోనిక్ డీవీడీ రికార్డర్లు ఆ పని చాలావరకు చేస్తాయి. వర్చువల్‌డబ్2 అనే సాఫ్ట్‌వేర్‌లో జారిన ఫ్రేముల లెక్క కనిపిస్తుంది, దానిమీద ఓ కన్నేసి ఉంచండి.

మాస్టర్ కాపీ 720×576, సెకనుకు 25 ఫ్రేములు, ఇంటర్‌లేస్ (ఫ్రేమును సరి, బేసి గీతల రెండు సగాలుగా చూపే పద్ధతి) అలాగే ఉంచి ఎఫ్‌ఎఫ్‌వీ1లో (నాణ్యత పోకుండా కుదించే ఫార్మాట్). గంటకు సుమారు 30 జీబీ. మూడు గంటల క్యాసెట్లు 40 అంటే మూడున్నర టీబీ దాటుతుంది. డీఇంటర్‌లేస్ (ఆ సగాలను కలపడం) చేసేది యూట్యూబ్ కాపీకే.

నీలి టేపు:
మినీడీవీని ఆ కార్డుతో ఎక్కించొద్దండీ. టేపులో ఉన్నది డిజిటల్ డేటానే. ఫైర్‌వైర్ కేబుల్‌తో కెమెరా నుంచి ఉన్నదున్నట్టు దించితే గంటకు 13 జీబీ, తీసిన తేదీ కూడా వస్తుంది. (కెమెరా గడియారం ఎవరూ సరిచేయకపోతే అంతా జనవరి 1నే! నమ్మొద్దు.)

పూర్ణా మార్కెట్ మూల:
తేదీ ఫ్రేములోనే వెతకాలి. షాపు బోర్డు మీద ఫోన్ నంబరు ఆరంకెలా, ముందు 2 చేరిన ఏడంకెలా? ఆ 2 చేరింది 2000 దశకం మొదట్లో. బీచ్ రోడ్డు ఇసుక మీద కురుసుర జలాంతర్గామి కనిపిస్తే 2001కి ముందుది కాదు, నేవీ దాన్ని విరమింపజేసింది ఆ ఏడే.

పెళ్లి క్యాసెట్లకు స్టూడియోవాళ్లు సినిమా పాటలు అద్దేసి ఉంటారు. హైఫై వీసీఆర్‌లో హైఫై, నార్మల్ ట్రాకులు (టేపు మీద ధ్వని ఉండే రెండు చోట్లు) విడివిడిగా వినండి. ఆడియో డబ్ (బొమ్మ ఉంచి ధ్వని మాత్రం మళ్లీ ఎక్కించడం) మార్చేది నార్మల్ ట్రాకునే. అదృష్టం ఉంటే హైఫైలో సన్నాయి, వీధి గోల అలాగే దొరుకుతాయి.

ఎక్కించిన కాపీని ఆ ఇంటి పెద్దవాళ్లకు చూపించి, పక్కన ఫోన్‌లో వాళ్ల మాట రికార్డు చేయండి. “00:14:20, ఎడమ పక్క పెంకుటిల్లు, ఇప్పుడు అపార్ట్‌మెంటు” అని నిమిషంతో సహా రాసుకోవాలి. టేపు తేమ ఆర్చడం కన్నా ఈ పనికే తొందర.

కోటవీధి కెమెరా:
స్టూడియోవాళ్ల అనుమతి కూడా తీసుకోవాలా?

గోదాము:
1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న వీడియోకు, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. సంతకం ఇంటివాళ్లది తీసుకోండి. కాగితంలో దాచడానికి, పరిశోధకులకు చూపడానికి, నెట్‌లో పెట్టడానికి మూడు గళ్లు వేరువేరుగా ఉండాలి. కలిపేస్తే జడిసి దేనికీ ఒప్పుకోరు. సినిమా పాట హక్కు మాత్రం ఇంటివాళ్ల చేతిలో లేదు.

హార్డ్ డిస్కులు మూడు: ఒకటి మీ దగ్గర, ఒకటి వేరే ఇంట్లో, ఒకటి జిల్లా బయట. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఊరంతటినీ ఒకేసారి కొట్టింది కదా. ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ (ఫైలు మారితే పట్టించే గుర్తు) రాసిపెట్టి ఆర్నెల్లకోసారి సరిచూడండి. తుపాను నాటి ఫోన్ వీడియోలు అడిగేటప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి, మామూలుగా పంపితే నాణ్యత కుదించేస్తుంది.