ఆఫీసు పనికి మానిటర్: 24 అంగుళాలా, 27 అంగుళాలా?

తిలక్‌రోడ్డు_లెక్కలు:
తిరుపతి తిలక్ రోడ్డులోని మా పన్నుల సలహా కార్యాలయానికి నాలుగు మానిటర్లు కొనవలసి ఉంది. ట్యాలీ, ఎక్సెల్, జీఎస్టీ పోర్టల్, వ్యాపారులకు తెలుగులో పంపే ఉత్తరాలు, ఇదే మా పని. ఇప్పుడున్న తెరలు 1366×768 పిక్సెళ్లవి. ఎక్సెల్‌లో పది కాలమ్‌లు దాటితే పక్కకు జరుపుకుంటూ కూర్చోవలసి వస్తోంది. దుకాణంలో 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరనూ, 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరనూ పక్కపక్కన పెట్టి చూపించి, ధరలో తేడా కొంచెమే కనుక పెద్దదే తీసుకోమన్నారు. ఒక్కోదానికి పన్నెండు వేలకు మించి పెట్టలేము. రోజంతా ఇదే పని చేసేవారు తమ అనుభవం చెప్పగలరని మనవి.

చిత్తూరు_దస్తావేజు:
రెండింటిలోనూ ఉన్నవి 1920×1080 పిక్సెళ్లే కనుక, 24 అంగుళాల తెరలో ఎన్ని వరుసలు, ఎన్ని కాలమ్‌లు కనిపిస్తాయో 27లోనూ అన్నే కనిపిస్తాయి. పెరిగేది ఒక్కో చుక్క పరిమాణం మాత్రమే. అంగుళానికి 24లో సుమారు 92 పిక్సెళ్లు ఉంటే, 27లో 82కు మించవు. ఇంగ్లీషు అంకెలకు ఇది పెద్ద తేడా కాకపోవచ్చు. తెలుగుకు మాత్రం తేడాయే. 11 పాయింట్ల అక్షరానికి విండోస్‌లో స్కేలింగ్ (తెరపై అక్షరాలను, బొమ్మలను పెద్దవి చేసే అమరిక) 100 శాతం వద్ద ఉంటే దక్కేది సుమారు 15 పిక్సెళ్లు. ఆ కాస్త చోటులోనే తలకట్టు, గుడి, కింద ఒత్తు అన్నీ ఇమడాలి. దస్తావేజుల్లో పేర్లు రాసే మాకు ద, ధ, థల మధ్య తేడా అంటే ఒక చిన్న గీత, ఒక చుక్క. అవి పెద్ద పిక్సెళ్లలో అంచులు మెట్లు మెట్లుగా తేలి, ఒకదానికొకటి అంటుకున్నట్లు కనిపిస్తాయి. చదివించి సంతకం పెట్టించుకునే ముందు ప్రతి పేరునూ జూమ్ చేసి చూసుకోవడం నాకు అలవాటు. తెర ముతకగా ఉన్నకొద్దీ ఆ పని పెరుగుతుంది.

మీరు చెప్పిన ధరలో 24 అంగుళాలదే, ఏ వైపు నుంచి చూసినా రంగు పెద్దగా మారని ఐపీఎస్ రకం ప్యానెల్‌తో, తీసుకోమంటాను. టీఎన్ అనే మరో రకం ప్యానెల్ అయితే తల కొంచెం పైకెత్తినా కిందికి దించినా రంగు మారిపోతుంది, పక్కన కూర్చున్న కక్షిదారునికి చూపించడం కుదరదు.

పల్ప్‌యూనిట్_అకౌంట్స్:
మాది చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు పరిశ్రమ. తోతాపురి కాయ దిగే కాలంలో తూకపు చీటీలు, రైతుల చెల్లింపులు ఎక్సెల్‌లోకి ఎక్కించడానికి రాత్రి పొద్దుపోయేదాకా తెర ముందే ఉంటాము. మా అనుభవంలో వెడల్పు కన్నా ఎత్తే ఎక్కువ ఉపయోగపడింది. 24 అంగుళాల్లోనే 1920×1200 పిక్సెళ్ల తెరలు దొరుకుతాయి. ఎక్సెల్‌లో మామూలు వరుస ఎత్తు 20 పిక్సెళ్లు. అదనంగా వచ్చే 120 పిక్సెళ్లలో మరో ఆరు వరుసలు కనిపిస్తాయి. దుకాణాల్లో ఇవి తక్కువగా ఉంటాయి, ధర కూడా కొంచెం ఎక్కువే, కానీ అడిగి చూడండి.

బ్యాక్‌లైట్ మినుకుమినుకుమనే తత్వం ఉందేమో తప్పక చూడాలి. కొన్ని తెరలు వెలుగు తగ్గించడానికి దీపాన్ని వేగంగా ఆర్పి వెలిగిస్తాయి. కంటికి తెలియదు కానీ కొందరికి సాయంత్రానికల్లా తలనొప్పి తెస్తుంది. పెట్టెపై ఫ్లికర్ ఫ్రీ అని ఉన్నా, వెలుగును బాగా తగ్గించి, ఫోను కెమెరాలో షట్టర్ వేగం పెంచి తెరవైపు పట్టండి. నల్లని పట్టీలు కదులుతుంటే ఆ తెర వద్దు. ఒక మిల్లీసెకను రెస్పాన్స్, వంపు తెర వంటివన్నీ ఆటలాడేవారి కోసం. పట్టికలు చూసుకునే మనకు వాటితో పని లేదు.

రేణిగుంట_ఆఫీసు:
32 అంగుళాల టీవీని మానిటర్‌గా వాడితే చవక కదా అని మా దగ్గర ఒకరు తెచ్చి పెట్టారు. ఆ కొలతలో చవక టీవీలు చాలావరకు 1366×768వే. అంగుళానికి 49 పిక్సెళ్లు. సినిమాకు బాగుంది.

కొర్లగుంట_సర్వీసింగ్:
మానిటర్ గురించి ఇంత చర్చించి కేబుల్‌ను మరచిపోతున్నారు. సీపీయూలు పాతవైతే దుకాణదారు వీజీఏ తీగ తగిలించి పంపిస్తాడు. అది అనలాగ్ సంకేతం కాబట్టి 1920×1080లో అక్షరాల అంచులు మసకబారతాయి, ఒక్కోసారి నీడ కూడా పడుతుంది. వెనుక హెచ్‌డీఎంఐ గానీ డిస్‌ప్లే పోర్ట్ గానీ ఉంటే అదే వాడండి. హెచ్‌డీఎంఐ పెట్టాక నలుపు బూడిదరంగులా వెలిసిపోయి కనిపిస్తే మానిటర్‌ను నిందించకండి. కంప్యూటర్ దాన్ని టీవీ అనుకొని రంగుల మెట్లను 0 నుంచి 255 వరకు కాక 16 నుంచి 235 వరకే కుదించి పంపుతున్నదన్న మాట. గ్రాఫిక్స్ సెట్టింగుల్లో ఫుల్ రేంజ్ ఎంచుకుంటే సరిపోతుంది. ఆపైన విండోస్‌లో అక్షరాల అంచులను నునుపు చేసే క్లియర్‌టైప్ అమరికను ఒకసారి నడిపించి, వచ్చే నమూనాల్లో మీ కంటికి నప్పినవి ఎంచుకోండి. కొత్త తెర పెట్టిన ప్రతిచోటా నేను ఈ రెండూ చేసిన తరువాతే బయటికి వస్తాను.

తిలక్‌రోడ్డు_లెక్కలు:
అందరికీ కృతజ్ఞతలు. మరో రెండు సందేహాలు. మా పెద్దాయన బైఫోకల్ అద్దాలు వాడతారు, ఆయనకు అక్షరం పెద్దగా ఉండాలి. ఆయనకైనా 27 తీసుకోవచ్చా? రెండవది, చెన్నై రిచీ స్ట్రీట్‌లో ధర తక్కువని విన్నాము. వెళ్ళి తెచ్చుకోవడం లాభమేనా?

భవానీనగర్_డీటీపీ:
పెద్దాయన విషయంలో పైన చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవించను. ముతకగా ఉన్నా సరే పెద్ద అక్షరమే హాయి అనేవారు ఉంటారు, వారు కొంచెం వెనక్కు జరిగి కూర్చుంటే 27 ఫుల్ హెచ్‌డీ పనికివస్తుంది. అయితే ఆ ఒక్క సీటుకు పెట్టుబడి పెంచగలిగితే 27లోనే 2560×1440 చూడండి. అంగుళానికి సుమారు 109 పిక్సెళ్లు వస్తాయి, స్కేలింగ్ 125 శాతం పెట్టినా 2048×1152 చోటు మిగులుతుంది, అక్షరం పెద్దదవుతూనే ఒత్తులు స్పష్టంగా విడివడతాయి. అదే 24 ఫుల్ హెచ్‌డీలో 125 పెడితే మిగిలేది 1536×864 మాత్రమే. కొనే ముందు ఆయన సీపీయూ వయసు చూడండి. ఇంటెల్ కోర్ రెండవ, మూడవ తరం ప్రాసెసర్ల హెచ్‌డీఎంఐ 1920×1200 దాటదు, వాటికి డిస్‌ప్లే పోర్టే దారి.

చిత్తూరు_దస్తావేజు:
బైఫోకల్ వాడేవారికి తెర కొలత కన్నా స్టాండు ముఖ్యం. వారు అద్దం కింది భాగంలోంచి చూస్తారు కనుక తెర ఎత్తుగా ఉంటే గడ్డం పైకెత్తి, మెడ పట్టేసుకుంటుంది. మామూలుగా తెర పై అంచు కంటి మట్టానికి ఉండాలంటారు. వీరికి అంతకన్నా కిందికి దించి, కొంచెం వెనక్కు వాల్చాలి. చవక మానిటర్ల స్టాండు ఎత్తు మారదు. వెనుక స్టాండు బిగించడానికి 100 మిల్లీమీటర్ల ఎడంతో ఉండే వెసా రంధ్రాలు ఉన్నదైతే తరువాత బల్లకు బిగించే చేతి స్టాండు విడిగా కొనుక్కోవచ్చు.

రిచీ స్ట్రీట్ మాట మీకు చెప్పేవాణ్ణి కాను, పన్నులు మీ వృత్తి. అయినా తమిళనాడు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేసిన బిల్లు చేతికి వస్తే ఇక్కడ ఆ 18 శాతం క్రెడిట్, అంటే కట్టిన పన్నును మన పన్నులో తగ్గించుకునే వీలు, దక్కదు కదా! మన జీఎస్టీ నంబరుతో, ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలపై పన్ను) వేసి బిల్లు ఇస్తారో లేదో ముందే అడిగి బయలుదేరండి. వారంటీ సర్వీసు తిరుపతిలో ఉందో లేదో కూడా కంపెనీ వెబ్‌సైట్‌లో చూసుకోండి. లేకపోతే పాడైన తెరను పార్సిలు చేసుకునే ఖర్చు మీకే పడుతుంది.

తిలక్‌రోడ్డు_లెక్కలు:
ఊళ్ళోనే కొనాలని నిర్ణయించాము. మూడు 24 అంగుళాల ఐపీఎస్ తెరలు, వెసా రంధ్రాలు ఉన్నవి. పెద్దాయనకు 2560×1440, ఆయన సీపీయూకు డిస్‌ప్లే పోర్ట్ ఉంది. మా హాలులో పడమటి కిటికీ ఉన్నందున మెరుపు లేని మ్యాట్ తెరలే అడిగాము.

కొర్లగుంట_సర్వీసింగ్:
తీసుకునేటప్పుడు దుకాణంలోనే కరెంటు పెట్టించి, తెర నిండా తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటిగా చూపించమనండి. ఒకటి రెండు చుక్కలు పనిచేయకపోవడాన్ని చాలా కంపెనీలు వారంటీ కింద లోపంగా ఒప్పుకోవు. డబ్బు కట్టకముందైతే దుకాణదారు వేరే పెట్టె తీసి ఇస్తాడు.