పీసీవీ 11కి పడిపోయింది: రక్తం ఎక్కించాలా, మందుల మీదే ఆగాలా?

పటమట_ల్యాబ్‌నాన్న:
మా బుజ్జి ఆడ కుక్క, లాబ్రడార్, ఐదేళ్లు, 28 కిలోలు. గోమార్లు పట్టాయి, జ్వరం వచ్చింది, ఇప్పుడు నాలుగడుగులు వేస్తే కూలబడుతోంది. చిగుళ్లు పాలిపోయాయి, మూత్రం కాఫీ రంగులో వస్తోంది. రక్తంలో ఎర్ర కణాలు ఎంత శాతమో చెప్పే పీసీవీ 11. ఉండాల్సింది 37 నుంచి 55 అట. రక్తపు చుక్కను మైక్రోస్కోప్ కింద చూసే స్మియర్‌లో బబేసియా అనే పరాన్నజీవి కనిపించింది. ఒక డాక్టర్‌గారు రక్తం ఎక్కించాల్సిందే అంటున్నారు, ఇంకొకరు మందులిచ్చి చూద్దామంటున్నారు. దాత కుక్కను మేమే వెతుక్కోవాలట. ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

మంగళగిరి_మావయ్య:
రక్తం జోలికి పోవద్దు బాబూ. మావాడికి 14కి పడిపోతే డాక్సీ (డాక్సీసైక్లిన్ యాంటీబయాటిక్), ఐరన్ టానిక్, బీట్‌రూట్ రసం, కోడి లివర్‌తోనే లేచి తిరిగాడు. ఎక్కించిన రక్తం పడకపోతే టేబుల్ మీదే పోతుంది. వేలకు వేలు పోసి చివరికి కుక్క కూడా దక్కకపోతే?

బ్రాడీపేట_అక్క:
మావయ్యగారూ, మీవాడు లేచాడు, సంతోషం. కానీ వాడికొచ్చింది ఏ టిక్ ఫీవర్, అంటే ఏ గోమార్ల జ్వరం? డాక్సీ బాగా పనిచేసేది ఎర్లీషియా అనే బ్యాక్టీరియాకి. బబేసియాకి అదొక్కటే చాలదు. రకాన్ని బట్టి ఇమిడోకార్బ్ ఇంజెక్షనో, అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ కలిపో ఇస్తారు. ఐరన్ సంగతా, ఈ జబ్బులో ఎర్ర కణాలు ఒంట్లోనే పగిలిపోతాయి, వాటిలోని ఐరన్ చాలావరకు లోపలే ఉంటుంది. టానిక్ పోసి లాభం లేదు. లివర్ పెట్టుకోండి, ఉల్లి వెల్లుల్లి వేసి వేపుడు చేసి మాత్రం కాదు. అవి కుక్కల ఎర్ర కణాలను ఇంకా పగలగొడతాయి.

ఇక బుజ్జి. అంకె ఒక్కటే చూసి తేల్చే విషయం కాదిది. నెమ్మదిగా తగ్గుతూ వచ్చిన కుక్క అదే 11తో తోకాడిస్తూ తిరగొచ్చు. బుజ్జి కూలబడుతోంది, అంటే ఒంటికి ప్రాణవాయువు అందట్లేదు. మందు ఇవాళ మొదలుపెట్టినా మూలుగలోంచి కొత్త కణాలు చెప్పుకోదగ్గంతగా రావడానికి మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. అన్నాళ్లూ గుండె తట్టుకోవాలి కదా! రక్తం జబ్బును తగ్గించదు, ఆ గడువు ఇప్పిస్తుంది. అంతే. కిలోకి 2 మిల్లీలీటర్ల చొప్పున ఎక్కిస్తే పీసీవీ సుమారు ఒక పాయింటు పెరుగుతుందని లెక్క. 450 మిల్లీలీటర్ల బ్యాగు ఒకటి దొరికితే 28 కిలోల కుక్క 19 దాకా రావచ్చు. నేనైతే ఎక్కించమనే అంటాను.

కృష్ణలంక_వీధికుక్కలు:
అందరూ బుజ్జి గురించే మాట్లాడుతున్నారు. రక్తం ఇచ్చే కుక్కను ఎవరు అడిగారు? వీధిలో కుక్కను పట్టుకొచ్చి బిస్కెట్ వేసి సూది గుచ్చే వాళ్లను నేను చూశాను. దాని ప్రాణం చవకా?

బ్రాడీపేట_అక్క:
మీ కోపం సబబే. పైగా అది బుజ్జికీ ప్రమాదం. పైకి బలంగా కనిపించే వీధికుక్క ఒంట్లో ఎర్లీషియా, బబేసియా దాక్కుని ఉండొచ్చు. తెలిసినవాళ్ల ఇంటి కుక్కనే అడగండి. 25 కిలోలు దాటి ఉండాలి, టీకాలన్నీ వేసి ఉండాలి, అంతకుముందు ఎప్పుడూ రక్తం ఎక్కించుకుని ఉండకూడదు, టిక్ పరీక్షల్లో ఏమీ రాకూడదు. దాని యజమాని పక్కనే ఉండాలి. కుక్క భయపడి గింజుకుంటే ఆ రోజుకి వదిలేయండి, కాళ్లూ చేతులూ పట్టి తీయొద్దు.

మంగళగిరి_మావయ్య:
ఇన్ని పరీక్షలయ్యేసరికి బుజ్జి బతికుంటుందా? అందుకే చెప్తున్నా, మందులు చాలని.

బ్రాడీపేట_అక్క:
మందులు ఆపమని ఎవరన్నారండీ? అవి ఇప్పుడే పడాలి. గోమార్ల జబ్బులు చూసే ర్యాపిడ్ కిట్, రెండు కుక్కల రక్తాలు ఒకదానికొకటి పడతాయో లేదో చూసే క్రాస్‌మ్యాచ్ కొన్ని గంటల్లో అయిపోయే పనులు. రక్తం పడదన్న మీ భయంలో నిజం లేకపోలేదు. మొదటిసారి కుక్కల్లో పెద్ద రియాక్షన్ రావడం తక్కువే. రెండోసారికి యాంటీబాడీలు తయారై ఉంటాయి, అప్పుడు క్రాస్‌మ్యాచ్ లేకుండా ఒప్పుకోకూడదు. నన్నడిగితే మొదటిసారీ అడగాల్సిందే.

పటమట_ల్యాబ్‌నాన్న:
పక్క వీధిలో జర్మన్ షెపర్డ్ ఉంది, 34 కిలోలు. వాళ్లు ఒప్పుకున్నారు, టిక్ కిట్‌లో ఏమీ రాలేదు. గన్నవరం వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లమంటున్నారు.

బ్రాడీపేట_అక్క:
బయల్దేరేముందే ఫోన్ చేసి, ఈ పూట రక్తం ఎక్కించే వీలుందో లేదో కనుక్కోండి. బుజ్జిని నడిపించొద్దు, ఎత్తుకునే వెళ్లండి, కారులో ఏసీ వేయండి. మొదటి అరగంట చుక్కలు బాగా నెమ్మదిగా పడాలి. మొహం వాచినా, వాంతి వచ్చినా, వణికినా వెంటనే ఆపమని చెప్పండి.

కృష్ణలంక_వీధికుక్కలు:
ఆ షెపర్డ్‌కి కూడా తర్వాత నీళ్లు, తిండి పెట్టి, రెండు రోజులు పరుగులు పెట్టనివ్వొద్దని వాళ్లకు చెప్పండి. మళ్లీ అవసరమైతే నెలలోపు దాని దగ్గరికే పోకండి, ఇప్పటి నుంచే ఇంకో కుక్కను చూసి పెట్టుకోండి.