ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్): సీజన్ మొదట్లో తడబడే జట్టును ఎప్పటి నుంచి నమ్మొచ్చు?

బోస్టన్ సెల్టిక్స్ 2021-22 సీజన్ మ్యాచ్‌లు మళ్లీ చూస్తున్నాను. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

తొలి మ్యాచ్‌లో జేలెన్ బ్రౌన్ 46 పాయింట్లు కొట్టినా, రెండు ఓవర్‌టైమ్‌ల (స్కోరు సమమైతే ఆడే అదనపు సమయం) తర్వాత న్యూయార్క్ నిక్స్ చేతిలో ఓడిపోయారు. షికాగో మీద 19 పాయింట్ల ఆధిక్యం సంపాదించి, ఆఖరి క్వార్టర్‌లో 39-11తో చేతులెత్తేశారు. బ్రౌన్, జట్టులోని మరో స్టార్ టేటమ్ బంతి పాస్ చేయరని సహచరుడు మార్కస్ స్మార్ట్ బహిరంగంగానే అన్నాడు (డ్రెస్సింగ్ రూమ్‌లో ఆ రోజు ఎలా ఉందో!). 50 మ్యాచ్‌లకు 25 గెలుపులు, 25 ఓటములు. అదే జట్టు చివరికి 51-31తో ముగించి ఫైనల్స్ దాకా వెళ్లింది.

డిఫెన్స్ కుదరడమే కారణమని నా అనుమానం. సెంటర్ రాబర్ట్ విలియమ్స్‌ను ప్రత్యర్థి జట్టులో దూరం నుంచి షూటింగ్ రాని ఆటగాడి మీద పెట్టి, రింగ్ దగ్గర స్వేచ్ఛగా తిరగనిచ్చారు. ఫిబ్రవరిలో గార్డ్ డెరిక్ వైట్ జట్టులోకి వచ్చాడు. కానీ కొత్త కోచ్ ఇమే ఉడోకా పద్ధతి అలవాటు కావడానికే అంత టైమ్ పట్టిందా?

గెలుపోటములు పక్కన పెట్టి, మొదటి 20 మ్యాచ్‌ల్లో ఏ అంకెలు చూడాలి? పాయింట్ల తేడా చూస్తే సరిపోతుందా, లేక ప్రత్యర్థుల త్రీ పాయింటర్ల (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్ల) శాతం కూడా చూడాలా? అది కొంతవరకు అదృష్టమే కదా?