అప్‌డేట్: ఘాట్ దిగుతుంటే బ్రేక్ పెడల్ మెత్తబడిన విషయం

తిరుమల నుంచి కిందికి దిగే పాత ఘాట్ రోడ్డులో బ్రేక్ పెడల్ మెత్తబడి దాదాపు కింద ఫ్లోర్ దాకా వెళ్లిపోయిందని, కారు కాసేపు ఆపి ఉంచితే మళ్లీ మామూలైందని, కారణమేంటని ఇంతకుముందు అడిగాను. సమాధానాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. బ్రేక్ ఫ్లూయిడ్ (పెడల్ ఒత్తిడిని చక్రాల దాకా చేర్చే ద్రవం) చూపించమన్నవాళ్ల మాటే నిజమైంది.

మెకానిక్ మూత తీసి చూపించారు. లేత పసుపులో ఉండాల్సిన ఫ్లూయిడ్ టీ డికాషన్ రంగుకు తిరిగింది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 రకం (బ్రేక్ ఫ్లూయిడ్ గ్రేడు) ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. నీరు చేరేకొద్దీ ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. వరస మలుపుల్లో బ్రేకులు వేడెక్కితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి. మనం ఎంత తొక్కినా ఆ బుడగలే నొక్కుకుపోతాయి తప్ప, ఒత్తిడి చక్రాల దాకా చేరదు. చల్లారాక ఆవిరి మళ్లీ ద్రవమైపోతుంది. నాకు అసలు భయం వేసింది అక్కడే: ఊళ్లో నడిపితే ఏ తేడా తెలియదు!

ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు (డిస్కును నొక్కి ఆపే బిళ్లలు) కూడా 3 మిల్లీమీటర్ల లోపుకి అరిగిపోయాయి. అవి మార్చి, పాత ఫ్లూయిడ్ మొత్తం తీసేసి, నాలుగు చక్రాల దగ్గరా బ్లీడింగ్ (లైన్లలోని గాలి బయటికి తీయడం) చేశారు. డిస్కులు బాగానే ఉన్నాయి. పెడల్ ఇప్పుడు గట్టిగా ఉంది.

ఇకపై రెండేళ్లకోసారి ఫ్లూయిడ్ మార్చమన్నారు. దిగేటప్పుడు రెండో గేరులో ఉంచి, ఇంజిన్‌తోనే వేగం తగ్గించమని ఇక్కడ ఒకరు చెప్పిన సలహా మా ఇంట్లో కారు నడిపే అందరికీ చెప్పాను. వెనక బ్రేక్ డ్రమ్ముల లైనింగ్ (లోపల రాసుకుని ఆపే పొర) వచ్చే సర్వీసులో విప్పి చూస్తారు.